సీసాలు మూడు, మందు ఒకటే

"అమ్మలకి ఏం తెలుసమ్మా, డాక్టరు రాసింది పొయ్యడమేగా వాళ్ళ పని" అన్నారు ఈ మధ్య ఓ పెళ్ళిలో ఒక పెద్దాయన. నలుగురిలో బావుండదని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

పోయిన శ్రావణంలో మా చిన్నాడికి జ్వరం వచ్చింది. వాడికి నాలుగున్నరేళ్ళు, 14 కేజీలు. ఇక్కడే నర్సీపట్నంలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాం. జ్వరం మందు 4 ఎంఎల్ ఆరు గంటలకోసారి, జలుబు మందు 5 ఎంఎల్ రోజుకి మూడుసార్లు అన్నారు. చీటీలో ఉన్నవన్నీ కంపెనీ పెట్టిన పేర్లే. షాపతను సీసాల మీద పెన్నుతో గీతలు పెట్టి ఇచ్చాడు. చీకటి పడ్డా ఒళ్ళు కాలుతూనే ఉంది. మా అత్తయ్య బీరువా మీంచి పోయిన నెల మిగిలిన సీసా తీసి, "ఇది బాగా పనిచేసిందే, ఒక మూత పోద్దాం" అన్నారు. మూత తిప్పారు కూడా. తొమ్మిదో తరగతి చదివే మా పెద్దమ్మాయి సీసాలు మూడూ వరసగా పెట్టి, ఫోన్ లైటు వేసి చదివి, "నాన్నమ్మా ఆగు, మూడింట్లోనూ పారాసిటమాలే" అంది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తర్వాత కూర్చుని లెక్క వేశాను. పారాసిటమాల్ ఒక డోసుకి కేజీ బరువుకి 15 మిల్లీగ్రాములు దాటకూడదు. 24 గంటల్లో నాలుగు డోసులు మించకూడదు. అంటే మా వాడికి రోజు మొత్తం మీద 840. జ్వరం మందులో 5 ఎంఎల్‌కి 250 ఉంది, అంటే డోసుకి 200, రోజుకి 800. జలుబు మందు మూడు డోసులకీ ఇంకో 375. కలిపితే 1175! అత్తయ్య సీసా ఇందులో లేదు.

పారాసిటమాల్ మంచి మందే, లెక్కలో ఉన్నంతసేపు. లెక్క దాటి రోజుల తరబడి పోస్తే దెబ్బ లివర్ మీద. మొదటిరోజు పిల్లాడు బాగానే కనిపించొచ్చు కూడా. మా వాడి అదృష్టం, మొదటి రోజే పట్టుకున్నాం. ఫోన్ చేస్తే జలుబు మందు ఆపెయ్యమన్నారు.

ఇందులో తప్పెవరిది? అత్తయ్యదా? ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ చదవగలిగిన భాషలో ఆ సీసా మీద ఒక్క ముక్క లేదు. పాల ప్యాకెట్ మీద తెలుగుంది, ఆర్టీసీ బస్సు మీద తెలుగుంది. పిల్లాడి గొంతులో పోసే మందు మీద మాత్రం చీమ తలంత ఇంగ్లీషు అక్షరాలు!

ఇంకో సంగతి వినండి. కంపెనీ పెట్టిన పేరు కంటే అసలు మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. బాగుంది. కానీ మూడు, అంతకంటే ఎక్కువ మందులు కలిపిన వాటికి మినహాయింపు ఇచ్చారు. పిల్లల జలుబు సీసాలు చాలావరకు అలాంటివే. ఎక్కడ పేరు కనిపించాలో సరిగ్గా అక్కడే వదిలేశారు.

"మా కాలంలో ఈ లెక్కలున్నాయా?" అంటారు పెద్దవాళ్ళు. అప్పుడు ఇంట్లో ఉండేది ఒక్క సీసా, అత్తయ్యా! ఇప్పుడు బీరువా మీద ఆరున్నాయి. "డాక్టరుగారిని ప్రశ్నిస్తావా?" అంటారు మగవాళ్ళు. కిలో కందిపప్పు కొంటే ఏ రకమో అడుగుతాం. ఇది అడిగితే పొగరా?

అడగాల్సినవి కొన్నే. ఇందులో ఏ మందుంది? ఎన్ని మిల్లీగ్రాములు? ఇంట్లో ఉన్న దానితో కలపొచ్చా? డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌తో పారాసిటమాల్‌కి మామూలుగా పేచీ లేదు. ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ అలా కాదు, వాటిని సొంతంగా కలపొద్దు. పిల్లలకి ఆస్పిరిన్ వద్దు. నిమెసులైడ్‌ని 12 ఏళ్ళలోపు వాళ్ళకి 2011లోనే నిషేధించారు. పసిపిల్లల చుక్కల మందు చిన్న సీసా కదా అని చెంచాతో పోస్తే ప్రమాదం. అది సిరప్ కంటే బాగా గాఢం. ఇక జలుబు మందు. దగ్గు, జలుబు మందులు అయిదేళ్ళలోపు వాళ్ళకి మామూలుగా వాడక్కర్లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది.

మనకి ఇంకో జాగ్రత్త కూడా కావాలి. మన ఊరు మన్యానికి గుమ్మం. వానలు పడితే మలేరియా, డెంగ్యూ మన వాకిట్లోనే. డెంగ్యూ అయితే ఇబుప్రోఫెన్‌తో రక్తస్రావం భయం. జ్వరం ఏమిటో తేలకుండా ఆ సీసా ముట్టుకోకండి. పొరపాటున ఎక్కువ పడితే వాంతి అయ్యేదాకా చూడొద్దు, సీసాలన్నీ సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం ఉంది. మందు పేరు, ఎంత, ఎన్ని గంటలకి, ఎవరు పోశారు. మా అత్తయ్యకి "పారాసిటమాల్" అని తెలుగులో పెద్దగా రాసి సీసాలకి అంటించాను. ఆవిడిప్పుడు షాపులో సీసా తిప్పి చూపించి, "ఇందులో అదే ఉందా బాబూ?" అని అడుగుతున్నారు.

అమ్మలకి ఏం తెలుసన్న పెద్దాయనకి నా జవాబు ఇదే. చెప్తే తెలుస్తుందండీ. సీసా మీద తెలుగులో రాయించండి ముందు.