మిథ్య ఎవరికి?

‘సైబర్‌స్పేస్’ని ‘మిథ్యా ప్రపంచం’ అని తెలుగు చేయడం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి మిథ్య?

ఆ మాట పుట్టుక చూడండి. యంత్రాల్లో, జీవుల్లో నియంత్రణ ఎలా జరుగుతుందో చెప్పే శాస్త్రానికి నార్బర్ట్ వీనర్ 1948లో ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో దాని మూలం, పడవకి చుక్కాని పట్టేవాడు. అందులోంచి ‘సైబర్’ని తెంపి, 1982లో ‘బర్నింగ్ క్రోమ్’ కథలో విలియం గిబ్సన్ ‘స్పేస్’కి అతికించాడు. 1984 నాటి ‘న్యూరోమాన్సర్’ నవలతో అది లోకమంతా పాకింది. ఆ నవలా నాయకుడికి శరీరమంటే వట్టి మాంసం, ఒక చెర. మాట బాగా మోగింది గానీ నిజానికి అర్థమేమీ లేదని గిబ్సనే తర్వాత చెప్పాడు. ఖాళీ పాత్ర కదా, ఎవరికి కావలసింది వాళ్లు పోసుకున్నారు. 1996లో జాన్ పెరీ బార్లో దావోస్ నుంచి సైబర్‌స్పేస్ స్వాతంత్ర్యాన్ని ప్రకటిస్తూ, అక్కడ దేహాలే ఉండవన్నాడు.

దేహం మరిచిపోయే తీరిక ఎవరికుంటుంది? మా కోరుట్లలో, జగిత్యాలలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడతారు. కూలి వెయ్యికింత అని. మెడలు, నడుములు పట్టేస్తాయి. మొగుడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. గోడకి ఆనించిన ఫోన్‌లోంచి “ఎవలొచ్చిండ్రు? ఫోనటు తిప్పు” అంటాడు. ఆమె లేచి వంటిల్లూ వాకిలీ అన్నీ చూపిస్తుంది. చుక్కాని ఎవరి చేతిలో ఉందో ఆమెకి ఏ గ్రీకూ చెప్పక్కర్లేదు.

సిరిసిల్లకి పోతే ఇంకో చోద్యం. కంప్యూటర్ వంశంలో మగ్గం ఉంది. 1804 నాటి జకార్డ్ మగ్గం చిల్లుల అట్టలనే బాబేజ్ తన యంత్రానికి అరువు తెచ్చుకున్నాడు. 1843లో ఆ యంత్రం గురించి రాస్తూ ఆడా లవ్‌లేస్ పోలిక తెచ్చిందీ నేతతోనే. ‘వెబ్’ అన్నా మొదట నేసిన బట్టే. సాంచాల చప్పుడులో కండెలు చుట్టే స్త్రీల పనిని మాత్రం ఆ చరిత్రలో ఎవరూ కలపరు.

‘అంతర్జాలం’తో నాకు పేచీ లేదు. జాలమంటే వల. వల ఉందంటే విసిరినవాడూ ఉన్నట్టే. ‘మిథ్య’ వాణ్ణి మాయం చేస్తుంది.

మా చుట్టాల పిల్ల ముఖాన్ని ఎవడో వేరే ఒంటికి అతికించి ఊరంతా పంపాడు. “ఉత్త ఫొటోనే కదా, ఫోన్ బంద్ చెయ్” అన్నారు పెద్దలు. జగిత్యాల కాలేజీ మాత్రం మాన్పించారు. ఇప్పుడు వాళ్లమ్మ పక్కన ఇంకో చాట ఉంది.