ఇంట్లో మనిషి

నరసరావుపేటలో ఏ బట్టలకొట్టు యజమానినైనా పలకరించి చూడండి. మొట్టమొదట అనే మాట ఒకటే: "మనుషులు నిలవడం లేదండీ!" పని నేర్చుకున్న కుర్రాడు పండక్కని ఇంటికి వెళ్తాడు, మళ్ళీ రాడు. ఫోను చేస్తే హైదరాబాదులో వున్నానంటాడు. యజమాని భోజనానికి వెళ్ళిన సమయం చూసి అదే కొట్లో గుమాస్తాను పలకరించండి. అతను అనే మాటా ఒకటే: "ఎన్నేళ్ళు చేసినా ఇంతేనండీ." ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు.

యజమాని దగ్గర మరో మాట కూడా వుంటుంది. "మా దగ్గర జీతగాళ్ళంటూ ఎవరూ లేరు, అందరూ ఇంట్లో మనుషులే" అంటాడు. అదీ నిజమే. గుమాస్తా కూతురి పెళ్ళికి అప్పిస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు, జ్వరమొస్తే మందులు కొనిస్తాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన గడ్డ ఇది. ఆ మాత్రం ఆదరణ ఎక్కడికి పోతుంది? కాని ఈ ఇంట్లో మనిషి ఆ కొట్లో పనిచేస్తున్నాడని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ వుండదు. పెద్దాయన వున్నన్నాళ్ళూ దాని అవసరమూ రాదు. పెద్దాయన పోయి కొడుకు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజున వస్తుంది చిక్కు. తండ్రికి ఇంట్లో మనిషి, కొడుక్కి దండగమారి జీతం. ఇరవై ఏళ్ళ కొలువు ఎక్కడా రాసి లేదు.

పూర్వం పల్నాటి పల్లెల్లో పాలేరు కుదిరేటప్పుడు కూడా కాగితం వుండేది కాదు కదా అంటారా? వుండేది కాదు. కాని ఏడాదికి ఇన్ని జొన్నలు, ఇన్ని బట్టలు, చెప్పులజత, గొంగళి అని నలుగురి ఎదుటా ఒక్కొక్కటీ చెప్పి మరీ ఒప్పుకునేవారు. (శ్రీనాథుడంతటివాడు విసుక్కున్నాడంటారు గాని, ఆ జొన్నలే ఇక్కడ జీతం.) ఆ జీతం చాలేదని నేననను. ఇంత అని తెలిసేది, అంతే. ఇప్పుడు కొట్లో చేరే కుర్రాడికి చెప్పేది "ముందు పని నేర్చుకో, తర్వాత చూద్దాం" అని. ఆ 'తర్వాత' ఎప్పుడో ఎవరూ చెప్పరు. అతను హైదరాబాదు బస్సెక్కక ఏంచేస్తాడు?

2025 నవంబరు 21 నుంచి మన దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. పాత చట్టాలు 29 ఈ నాలుగింటిలో కలిసిపోయాయి. వాటిలో నాకు పెద్దదిగా కనిపించిన సంగతి చాలా చిన్నది: పనిలో పెట్టుకున్న మనిషికి యజమాని నియామక పత్రం ఇవ్వాలి. మాచర్లకు సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే వచ్చింది కనుక పల్నాటికి ఇలాంటి కాగితాలు బొత్తిగా కొత్తవేమీ కావు. కొత్తదనమంతా బజారుకే. అయితే ఇందులో ఒక మెలిక వుంది. ఈ నియమం వున్న స్మృతి పదిమంది, అంతకుమించి పనిచేసే చోట్లకే వర్తిస్తుంది. మన బజారులో పదిమంది వున్న కొట్లెన్ని, నలుగురైదుగురితో నడిచేవెన్ని, మీరే లెక్కవేయండి.

వేతనాల స్మృతికి మాత్రం ఈ పదిమంది లెక్క లేదు. నెల జీతం మరుసటి నెల ఏడో తేదీ లోపల చేతికి రావాలి. మనిషి మానేసినా, మాన్పించినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చివేయాలి. "వచ్చే నెల కనిపించు, చూద్దాం" అనడానికి వీల్లేదు.

ఇక గ్రాట్యుటీ. ఇది 1972 నుంచీ చట్టంలో వున్నదే, పదిమంది వున్న దుకాణాలకూ వర్తించేదే. అయిదేళ్ళు నిండినవారికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలను 26 పనిరోజులుగా లెక్కకట్టి ఇవ్వాలి. నెలకు 13,000 రూపాయల జీతమైతే ఏడాదికి 7,500. ఇరవై ఏళ్ళకు లక్షా యాభై వేలు! ఒక గడువుకని కుదుర్చుకున్నవారికి ఇప్పుడు ఏడాది చేసినా వస్తుంది. కాని ఇరవై ఏళ్ళు చేశానని గుమాస్తా దేన్ని చూపించి రుజువు చేస్తాడు?

పని గంటల మాట కూడా చెప్పాలి. 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం చట్టాలు సవరించి రోజు పనిని పది గంటల దాకా పెంచింది. వారానికి 48 గంటలు దాటకూడదన్న నియమం అలాగే వుంది. దీనిమీద పెద్ద గొడవే జరిగింది. పొద్దున తొమ్మిదికి తలుపులు తీసి రాత్రి తొమ్మిదికి వేసే కొట్లలో కుర్రాళ్ళు మాత్రం, "పది గంటలేనా!" అని నవ్వుకుని వుంటారు.

"కాగితం చేతికిస్తే రేపు కోర్టుకెక్కుతాడండీ" అని యజమానుల భయం. ఎక్కేవాడు కాగితం లేకపోయినా ఎక్కుతాడు. మానదలిస్తే నెల ముందు చెప్పాలన్న షరతు ఆ కాగితంలో రాసుకోవచ్చు కదా! నోటిమాట మీద చేరినవాడు నోటిమాటైనా చెప్పకుండా పోతున్నాడనేగా మీ బాధ?

ఇంతవరకూ చదివి, "ఇదంతా బజారు గొడవ, మనకెందుకు" అనుకునే ఇల్లాళ్ళకు ఒక ప్రశ్న. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె ఎప్పుడు చేరింది? చట్టం మిమ్మల్ని అడగదు లెండి. పారిశ్రామిక సంబంధాల స్మృతి 'పరిశ్రమ' అన్న మాటలోంచి ఇంటిపనిని తీసేసింది. నేనే అడుగుతున్నాను. "పెద్దవాడు రెండో తరగతిలో వుండగా కాబోలు" అంటారు. ఆమె రాని రోజులకు మాత్రం వంటింటి క్యాలెండరు మీద, పాల లెక్క పక్కనే, ఎర్రసిరాతో సున్నాలు చుట్టి వుంటాయి.