షాకాకు నెపోలియన్ సర్టిఫికెట్ ఎందుకు?

ప్రపంచ చరిత్ర నోట్స్‌లో జులూ రాజు షాకా పేరు వచ్చిందంటే పక్కనే ఒక బిరుదు ఉంటుంది: నల్ల నెపోలియన్. కింద మూడు పాయింట్లు. పొట్టి ఈటె, ఎద్దు కొమ్ముల వ్యూహం, క్రూరత్వం. చాప్టర్ అయిపోయింది.

ఈ అలవాటు మనకు కొత్త కాదు. సముద్రగుప్తుడిని విన్సెంట్ స్మిత్ 'భారత నెపోలియన్' అన్నాడు. నెపోలియన్ పుట్టడానికి దాదాపు 1400 ఏళ్ల ముందే రాజ్యమేలినవాడికి ఆ సర్టిఫికెట్ దేనికి? అయినా తరాల తరబడి అదే బట్టీ పడుతున్నాం. ఇది ఉత్త బిరుదు గొడవ కాదు. కత్తి ఒక్కటే రాజ్యాన్ని నిర్మిస్తుందని, అడవి జనానికి రాజ్యం కట్టడం చేతకాదని ఈ బిరుదు మనకు తెలియకుండానే నేర్పిస్తుంది. రెండూ తప్పే.

ముందు జులూల సంగతి. షాకా పాలించింది 1816 నుంచి 1828 వరకు, అంటే పన్నెండేళ్లు. ఈటెతో యుద్ధాలు గెలవచ్చు. కానీ వేర్వేరు వంశాల జనాన్ని ఒకే రాజు మనుషులుగా మార్చింది 'అమాబుతో' పద్ధతి. ఒకే ఈడు యువకులను వంశాలతో నిమిత్తం లేకుండా ఒక దళంగా కూర్చేవారు. వారు యుద్ధమే కాదు, రాజు పశువులను కాసేవారు, రాజు పొలాలు దున్నేవారు. రాజు అనుమతి లేనిదే పెళ్లి కూడా లేదు. అంటే యువకుల శ్రమ మీద అధికారం వంశపెద్దల చేతుల్లోంచి రాజు చేతుల్లోకి వెళ్లింది. ఇది కూడా షాకా శూన్యంలోంచి సృష్టించింది కాదు. అంతకుముందే మ్తెత్వా రాజు డింగిస్వాయో ఈ దారిలో నడిచాడు.

రుజువు కావాలా? 1879 జనవరి 22న ఇసాండ్ల్వానాలో జులూలు బ్రిటిష్ సైన్యాన్ని చిత్తు చేశారు. కొన్ని నెలలకే రాజు కెచ్వాయో ఓడి పట్టుబడ్డాడు. గెలిచాక బ్రిటిష్ వారు ఏం చేశారు? ఈ దళాల పద్ధతిని రద్దు చేశారు, రాజ్యాన్ని 13 ముక్కలు చేశారు. రాజ్యం ప్రాణం ఎక్కడుందో కూల్చినవాడికి తెలిసింది. మన నోట్స్‌కే ఇంకా తెలియలేదు.

పక్కనే బసోతో రాజు మొషోషో ఉన్నాడు. తబా బోసియు కొండ మీద స్థావరం ఏర్పరచుకుని, కల్లోలంలో చెల్లాచెదురైన జనాన్ని చేరదీశాడు. పశువులను పాలికిచ్చి వారిని తనవాళ్లను చేసుకున్నాడు. అతని రాజ్యమే 1966లో లెసోతోగా స్వతంత్ర దేశమైంది. నెపోలియన్ కొలబద్దకు ఇతను అందడు, అందుకే మన నోట్స్‌లో కనబడడు.

ఇక మన ఇంటి సంగతి. ప్రయాగ ప్రశస్తిలో ఓడిన దక్షిణాపథ రాజుల జాబితా చూడండి. కోసల మహేంద్రుడు, మహాకాంతార వ్యాఘ్రరాజు, వేంగి హస్తివర్మ. అడవి రాజులందరినీ సేవకులుగా చేసుకున్నట్టు కూడా అందులో ఉంది. ఆ కోసలే నేటి ఛత్తీస్‌గఢ్. భిలాయి-3లో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మనం ఆ జాబితాలో రెండు చోట్ల ఉన్నాం. అయినా గెలిచినవాడి ఆస్థానకవి రాసిందే మన ఆన్సర్!

1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. కత్తితో వచ్చిన వంశం ఆరు శతాబ్దాలు ఎలా నిలిచింది? జవాబు బస్తర్ దసరాలో ఉంది. పండుగ మొదలుపెట్టడానికి మిర్గాన్ కులపు బాలిక ద్వారా కాఛన్ దేవి అనుమతి ఇవ్వాలి. హల్బా యువకుడు తొమ్మిది రోజులు గోతిలో దీక్ష కూర్చోవాలి. విజయదశమి రాత్రి ఆదివాసులు రథాన్ని ఎత్తుకుపోయి కుమ్హడాకోట్ అడవిలో పెడతారు. రాజు అక్కడికి వెళ్లి, వారితో కలిసి కొత్త బియ్యం తిని, రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. రాజుకు అధికారం ఎవరి నుంచి వస్తుందో ఏటా అందరి ముందూ గుర్తుచేసే ఏర్పాటు ఇది. రాజ్య నిర్మాణం అంటే ఇదీ.

"పేపర్‌లో ఇంత రాయడానికి టైమ్ ఎక్కడ?" అంటారు. నిజమే. కానీ 'నల్ల నెపోలియన్' అనే చోట 'ఈడు దళాల ద్వారా శ్రమపై కేంద్రీకృత అధికారం' అని రాయడానికి ఎన్ని సెకన్లు ఎక్కువ పడతాయి? "ఆదివాసీ రాజ్యాలను ఆకాశానికెత్తుతున్నావు" అని కూడా అంటారు. లేదు. 1827లో తల్లి నాండి చనిపోయినప్పుడు షాకా చేయించిన హత్యలు దాచాల్సినవి కావు. మరుసటి ఏడాది సవతి తమ్ముళ్లే అతన్ని చంపారు. బస్తర్‌లో రిజర్వు అడవులు, వెట్టి భరించలేక 1910లో గుండాధూర్ నాయకత్వంలో భూమ్‌కాల్ లేచింది. రాజ్యం ఉన్నచోట దోపిడీ కూడా ఉంటుంది. కానీ దోపిడీని తూచాలన్నా ముందు అది రాజ్యమని ఒప్పుకోవాలి కదా!

మన నోట్స్‌లో ఆదివాసులు 'తిరుగుబాట్లు' చాప్టర్‌లో మాత్రమే వస్తారు. తిరగబడటం తప్ప పాలించడం తెలియని జనంగా వారిని చదివినవాడు, రేపు దంతెవాడలో అధికారిగా కూర్చుంటే బైలడిల్లాలో ఇనుప ఖనిజమే చూస్తాడు. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారం అతనికి ప్రభుత్వం పెట్టిన భిక్షలా కనబడుతుంది. అక్కడి జనం రాజు చేత కూడా అనుమతి అడిగించుకున్నవారని అతనికి తెలియదు. ఈరోజు ఆన్సర్ షీట్‌లో వాడిన మాటే రేపు ఫైల్ మీద నోట్ అవుతుంది.

కాబట్టి ఏ రాజు గురించి రాసినా మూడు ప్రశ్నలు వేసుకోండి. జనం శ్రమ ఎవరి చేతిలో ఉంది? కొత్తగా చేరినవారిని ఎలా కలుపుకున్నారు? రాజు ఎవరి అనుమతి అడగాల్సి వచ్చింది? ఈ మూడింటికీ జవాబు రాస్తే నెపోలియన్ అవసరం ఉండదు. నోట్స్‌లో ఆ బిరుదు ఉన్నచోట ఇవాళే కొట్టేయండి.