తోట చూశాకే ఫీజు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్‌ వైపు తెలుగు ఇళ్లలో పన్నెండో తరగతి అయిన పిల్లలు బీఎస్సీ హార్టికల్చర్ చదువుతామంటే పెద్దలు ముందు అడిగేది ఫీజెంత, హాస్టల్ ఉందా అనే. కాలేజీకి తోట ఎంత ఉందని అడిగేవాళ్లు అరుదు. అసలు అడగాల్సింది అదే. నాలుగేళ్ల ఈ చదువులో మామిడికి అంటు కట్టడం, అరటి పిలకలు తీయడం, పూడిపోయిన డ్రిప్పు పైపు బాగుచేయడం చేత్తో చేస్తేనే వస్తాయి. ఆ అవకాశం దగ్గర్లోనే ఉంది. ఇదే జిల్లాలోని అర్ధాపూర్ అరటికి పేరున్న ఊరు. నాందేడ్‌లోని అరటి పరిశోధన కేంద్రం పర్భణీలోని వసంతరావు నాయక్ మరాఠ్వాడా కృషి విద్యాపీఠం కిందిది. 1972లో పుట్టిన ఆ విద్యాపీఠానికి సొంత హార్టికల్చర్ కాలేజీ ఉంది. సొంత నేల, సొంత పంట మీదే చదువు దొరుకుతుంటే ఈ పిల్లలకు పర్భణీయే మొదటి ఎంపిక కావాలి. సరిహద్దు దాటి తెలంగాణకు వెళ్తే సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది; అయితే స్థానికత నిబంధనలు ముందే కనుక్కోవాలి. ప్రైవేటు కాలేజీ అయితే భవనం ఫొటోలు చూసి మురిసిపోవద్దు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు ఉందా, ఎప్పటిదాకా చెల్లుతుంది? కాగితం చూపించమనండి. క్లాసులు జరిగే రోజున వెళ్లి, నర్సరీ షెడ్డులో పిల్లల చేతులకు మట్టి అంటుతోందో లేదో చూశాకే ఫీజు కట్టండి.