జంట బాగుందంటే యేం బాగున్నట్టు?

ఆ మధ్య వరంగల్ దగ్గర ఒక వర్క్‌షాప్‌కి వెళ్లాను. 2005 నాటి గృహహింస చట్టం మీద రెండు రోజుల శిక్షణ. మొదటి పూట హింస అంటే కొట్టడం ఒక్కటే కాదనీ, బెదిరించడం, అవమానించడం, డబ్బు చేతికి రానివ్వకపోవడం కూడా హింసేననీ బోర్డు మీద రాసుకున్నాం. టీ తాగేటప్పుడు మాటలు ముందు రోజు రాత్రి వచ్చిన సీరియల్ మీదికి మళ్లాయి. భర్త కోపంతో భార్య చెయ్యి మెలిపెట్టి గోడకి నెట్టిన సన్నివేశం. ఆమె కళ్లనిండా నీళ్లు. వెనక మెత్తని సంగీతం.

"జంట మస్తుగున్నది" అంది ఒకామె. "ఆ పిల్ల యాక్టింగ్ మంచిగుంది" అంది యింకొకామె.

నాకు చిరాకేసింది. "పొద్దున మనం హింస అని రాసుకున్నది యిదే కదా?" అన్నాను. సంఘంలో చాలా యేళ్లుగా పనిచేస్తున్న ఒకామె నా వైపు తిరిగి, "మేడమ్, ఆ పిల్ల భయపడ్డది మాకు కనవడ్డది. గందుకే మంచిగ చేసిందంటున్నం. గది ప్రేమ అన్నది మేం కాదు, ఎన్కకెళ్లి వచ్చే పాట" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. సీరియళ్లు చూసే స్త్రీలకి ఆలోచన వుండదన్న అభిప్రాయం మనలాంటి వాళ్లలో యెంత లోతుగా వుందో ఆ క్షణంలో తెలిసింది. నటనని ఆమె నాకంటే నిశితంగా చూసింది. నటి చేసిన పనిని, ఆ పనికి నిర్మాతలు తగిలించిన అర్థాన్ని విడదీసి చూపించింది. సమస్య నటన బాగుందనడంలో లేదు. "జంట బాగుంది" అనే రెండో తీర్పులో వుంది.

యీ తీర్పునే యిప్పుడు అందరూ "కెమిస్ట్రీ" అంటున్నారు. మన టెలివిజన్‌లో మొదట్నించీ యిది యింత పెద్ద కొలమానం కాదు. 1985లో దూరదర్శన్‌లో వచ్చిన "రజని"లో ప్రియా టెండూల్కర్ గ్యాస్ బండ దగ్గర్నించి టాక్సీ మీటర్ దాకా అన్యాయాన్ని నిలదీసింది. ఆమెకి భర్త పాత్ర వుంది. అయినా ఆమె నటనని భర్త పక్కన యెలా వుందన్న లెక్కతో యెవరూ కొలవలేదు. 1989లో కవితా చౌదరి తానే రాసి, దర్శకత్వం వహించి, నటించిన "ఉడాన్" ఒక అమ్మాయి పోలీసు అధికారి కావడం గురించి. అదేదో స్వర్ణయుగమని నేననడం లేదు. ఆనాటి సీరియళ్లలో త్యాగమూర్తులకి కొదవలేదు. కానీ స్త్రీ పాత్ర ఒంటరిగా తెరమీద నిలబడగలిగే చోటు కొంత వుండేది.

తర్వాత ప్రైవేటు చానళ్లు, రోజువారీ సీరియళ్లు వచ్చాయి. జంటే సరుకయింది. 2011లో మొదలైన హిందీ సీరియల్ "ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూఁ" కెమిస్ట్రీకి పెద్ద ఉదాహరణగా యీనాటికీ చెప్తారు. బరుణ్ సోబ్తీ, సనయా ఇరానీ యిద్దరూ సమర్థులైన నటులే. కానీ కథలో అతను ఆమె అక్క కాపురాన్ని అడ్డం పెట్టి బెదిరించి పెళ్లి చేసుకుంటాడు. ఆ బెదిరింపుని మర్చిపోయి వాళ్ల చూపులు కలిసే క్షణం కోసం యెదురుచూసేలా చేసింది కెమిస్ట్రీయే.

మన "కార్తీక దీపం" చూడండి. 2017 నించి 2023 దాకా తెలుగు యిళ్లలో వంటలక్క, డాక్టర్ బాబు తెలియని వాళ్లు తక్కువ. ప్రేమి విశ్వనాథ్ నటనలో గొప్ప నిగ్రహం వుంది. మాట లేకుండా అవమానాన్ని మోయడం తేలిక కాదు. అయితే రంగు వివక్ష గురించిన ఆ కథలో ముఖానికి నలుపు పూసుకుని నటించాల్సి వచ్చింది. నల్లగా వున్న నటికి ఆ పాత్ర యెందుకు దక్కలేదని మనం గట్టిగా అడగలేదు. భర్త భార్య శీలాన్ని శంకించి దూరం పెడతాడు. ఆమె బిడ్డని పెంచుకుంటూ వండిపెట్టి బతుకుతుంది. యేళ్ల తరబడి చూసేవాళ్లు అడిగిందేమిటి? "వాళ్లెప్పుడు కలుస్తారు?" అతను చేసిన తప్పుకి బాధ్యత యెప్పుడు వహిస్తాడన్న ప్రశ్న వెనక్కి పోయింది. 2024లో అదే జంటని పెట్టి కొత్త కథతో రెండో "కార్తీక దీపం" మొదలుపెట్టారంటే ఆ జంట విలువ చానల్‌కి బాగా తెలుసన్నమాట.

నా భయం యిక్కడే. కొన్నేళ్ల కిందట ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో కూర్చున్నాను. దెబ్బలు తిని వచ్చిన అమ్మాయి కాగితాలతో పాటు పెళ్లి ఫోటో కూడా తెచ్చింది. కౌన్సెలర్ ఆ ఫోటో చూసి, "యింత చక్కని జంట! విడిపోవడమేంటమ్మా?" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. జంట చూడటానికి బాగుంటే కలిసి వుండటమే న్యాయమన్న నమ్మకం ఆమెతో ఆ మాట అనిపించింది. ఆ నమ్మకాన్ని సీరియళ్లు పుట్టించలేదు. రోజూ రాత్రి దానికి నీళ్లు మాత్రం పోస్తున్నాయి.

నటన గురించి తీర్పు చెప్పేటప్పుడు యింకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అది శ్రమ. తెలుగు సీరియళ్లలో నాయికలు చాలామంది కన్నడ, మలయాళ ప్రాంతాల నించి వస్తారు. భాష తెలియనప్పుడు కెమెరా పక్క నించి యెవరో అందించే మాటని పట్టుకుని ముఖంలో భావం పలికించాలి. గొంతు తర్వాత డబ్బింగ్ కళాకారిణి యిస్తుంది. "యేడుపు బాగా చేసింది" అని మనం మెచ్చుకునే యేడుపులో సగం మనకి పేరు కూడా తెలియని మరో స్త్రీది. హిందీ "బాలికా వధు" మనకి "చిన్నారి పెళ్లికూతురు"గా వచ్చింది. అందులో ఆనందిగా అవికా గోర్, ప్రత్యూషా బెనర్జీ, తోరల్ రస్‌పుత్రా ఒకరి తర్వాత ఒకరు నటించారు. పాత్ర నిలిచింది, మనుషులు మారారు. అదే సీరియల్లో సురేఖా సిక్రీ నాయనమ్మ పాత్రకి జంట అవసరమే రాలేదు. ప్రేమా పెత్తనమూ ఒకే ముఖంలో చూపించిన ఆ నటన ముందు కెమిస్ట్రీ కొలమానం యెంత చిన్నదో తెలుస్తుంది.

కాబట్టి సీరియళ్లు చూడొద్దని చెప్పే వుద్దేశం నాకు లేదు. నేనూ చూస్తాను. మన శిక్షణల్లో వాటిని పక్కకి నెట్టకుండా చర్చకి తెద్దాం. ఒక సన్నివేశాన్ని శబ్దం తీసేసి చూడమందాం. పాట లేనప్పుడు అతని చేతిలో యేముంది? ఆమె కళ్లలో యేముంది? ఆమె వద్దంటే ఆ సన్నివేశం యెటు పోయేది? వాళ్లు కలవాలని మనం కోరుకుంటున్నది ఆమె కోసమా, మన కోసమా?

వరంగల్‌లో ఆమె నాకు నేర్పిన పాఠం యిదే. భయాన్ని భయమని గుర్తుపట్టే చూపు మన స్త్రీలకి వుంది. దాన్ని ప్రేమ అని పిలవమనే పాటనే మనం ఆపాలి.

మీ సంఘాల్లో యిలాంటి చర్చలు జరిగితే మాకు రాయండి. వచ్చే సంచికలో ప్రచురిస్తాం.