మూసిన గేటు వైద్యము కాదు

సంపాదకమహాశయా,

కరోనా కాలమున వృద్ధాశ్రమములు గేట్లు బిగించుకొనుటచేతనే అందలి పెద్దల ప్రాణములు దక్కినవని గత ఆదివారము మీరు ప్రకటించిన వ్యాసమును చదివి నా మనసు కుతకుతలాడినది. వ్యాధిని లోనికి రానీయని యా గేటే, లోపలివారికి పక్షవాతమో గుండెపోటో వచ్చిననాడు ఆసుపత్రికి దారి లేకుండ చేసినదన్న మాట వ్యాసకర్తకు తట్టనేలేదు.

గురజాల ప్రాంతమున నొక యాశ్రమముననుండిన మా పెద్దక్క, నరసరావుపేట రెడ్‌జోనై పల్నాడంతయు స్తంభించిన 2020 వేసవిలో, స్నానాలగదిలో జారిపడగా తుంటి యెముక విరిగినది. పోలీసుల అనుమతి తెచ్చుకొని, కారు కుదుర్చుకొని పట్టణమునకు చేర్చితిమి గదా, ఆశ్రమమునుండి వచ్చినవారికి పరీక్షాఫలితము వచ్చువరకు ప్రవేశము లేదని యాసుపత్రివారు వాకిటనే నిలిపివేసిరి. నొప్పి తగ్గుటకొక ఇంజెక్షనైనను ఈయరైరి. వెనుకసీటుపై ఆమె మూలుగుచుండగా, లోనికి పోవు ప్రతివానికిని చేతులు జోడించితిని. వ్యాధి లేదని తేలునప్పటికి ఆపరేషను చేయు డాక్టరు లేడనిరి. మంచము పట్టిన యక్క మరల లేవలేదు. ఒడలంతయు పుండ్లుపడి ఆ యేటి దీపావళికి ముందే కన్నుమూసినది. మీరు ప్రతిదినము అచ్చువేసిన కరోనా మృతుల లెక్కలో ఆమె లేదు, ఆమెకు కరోనా రాలేదు గనుక. ఆసుపత్రి తలుపు తెరువకపోవుటచే పోయినవారి లెక్క ఎవరు వ్రాసిరి?

ప్రభుత్వాసుపత్రులలో వృద్ధులకు వీలయినంతవరకు పడకలుండవలెనని వృద్ధుల సంక్షేమమునకై చేసిన 2007 నాటి చట్టము, ఇరువదవ సెక్షనున, చెప్పుచునేయున్నది. ప్రయివేటు ఆసుపత్రులును వారికి ప్రాధాన్యమీయవలెనని సుప్రీంకోర్టు చెప్పుటకు 2021 మార్చి రావలసివచ్చినది. 2020 జూలై 1న బెజవాడలో 108, 104 వాహనములు 1,088 బయలుదేరినవి, సంతోషము. కాని రోగిని దింపుకొను ఆసుపత్రి లేనిదే వాహనమేమి చేయగలదు? మా పల్నాటి మాచర్లనుండి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైమాట. ఇంగ్లండులోనైతే, కరోనా తొలినాళ్లలో ఆసుపత్రులనుండి వృద్ధుల నివాసములకు పంపబడువారిని వేరుగానుంచవలెనని ప్రభుత్వము సూచింపకపోవుట చట్టవిరుద్ధమని 2022 ఏప్రిలులో హైకోర్టు తేల్చినది. ఆశ్రమములలోని పెద్దల ప్రాణములకు బాధ్యులెవరను ప్రశ్న మనకడ అడిగినవారెవరు?

మరియొక మాట. పుట్టినరోజునాడు దాతలు అరటిపండ్లు పంచు ఫొటోలను మీరు వారము తప్పక వేయుచున్నారు. చేతిలో పండుపెట్టి నిలువబెట్టిన ఆ పెద్దల యనుమతి ఎన్నడైన నడిగితిరా? ఆ ఫొటోకు వచ్చు విలేఖరియే, ఈ యాశ్రమమునకు డాక్టరు వచ్చునా, అర్ధరాత్రి ఆయాసము వచ్చిన ఎవరికి ఫోను చేయుదురు, ఏ యాసుపత్రి చేర్చుకొనునని యడుగవచ్చును గదా! మీ వ్యాసకర్తను మాచర్లవైపు ఆశ్రమములకు పంపుడు. ఆ ప్రశ్నలనే అడిగి, వచ్చిన సమాధానములను అదే పుటలో, అంతే పెద్ద అక్షరములతో ప్రకటింపుడు.

భవదీయుడు,
ఒక విశ్రాంతోపాధ్యాయుడు, గురజాల