గీత గీసే రోజే అడగాల: మా తండాను ముక్కలు చేయొద్దు



మన ఓటు బలం తగ్గేది ఎన్నికల రోజున కాదు. అంతకు చాలా ముందే, ఏదో ఆఫీసులో మ్యాపు పరిచి వార్డులకు గీతలు గీసిన రోజునే తగ్గిపోతుంది. ఆ రోజు అక్కడ మనవాళ్లు ఒక్కరూ ఉండరు.

లెక్క చూడండి. ఒక పంచాయతీలో వార్డుకు 400 ఓట్లు అనుకుందాం. తండాలో 300 ఓట్లు. తండా అంతా ఒకే వార్డులో ఉంటే మెంబరు ఎవరో మనమే తేలుస్తాం. అదే తండాను మూడు ముక్కలు చేసి, వందేసి ఓట్లు మూడు వార్డుల్లో కలిపితే? మూడు చోట్లా మనది నాలుగో వంతే. జాబితాలో ఒక్క పేరూ కొట్టేయలేదు, అయినా తండాకు మెంబరు లేడు. ట్యాంకర్ ముందు యాడికి పోవాల, బోరు ఎక్కడ వేయాల అనే మాట వచ్చినప్పుడు మన తరఫున నోరు తెరిచేవాళ్లుండరు. వాన మొహం చాటేసే ఈ అనంతపురం నేలలో ఇది చిన్న నష్టమా?

గీతల దెబ్బ మనకు కొత్త కాదు. ఇక్కడ సుగాలీలు ఎస్టీ. బళ్లారి వైపు సరిహద్దు దాటితే అదే జనం ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. గోర్ బోలి ఒకటే, తీజ్ ఒకటే, గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు నడిచే కాళ్లూ ఒకటే. 2022 ఏప్రిల్ 4న జిల్లాను చీల్చినప్పుడు గుత్తి, గుంతకల్లు తండాలు ఒక జిల్లాలో, కదిరి, గోరంట్ల తండాలు ఇంకో జిల్లాలో పడ్డాయి.

అసెంబ్లీ సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లలో ఎస్టీలకు 7. పాలకొండ నుంచి పోలవరం దాకా అన్నీ ఏజెన్సీ వైపే. రాయలసీమలో ఒక్కటీ లేదు. 2002 డీలిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం గిరిజనుల శాతం అత్యధికంగా ఉన్నచోటే ఎస్టీ సీటు పెట్టాలి. ఉమ్మడి అనంతపురంలో 2011 లెక్కల ప్రకారం మనం 4 శాతం లోపే, అదీ చెల్లాచెదురుగా. కాబట్టి మనకు నిజంగా చేతికందేది వార్డు, పంచాయతీ, ఎంపీటీసీ స్థాయి. అక్కడ కూడా ముక్కలైతే ఇంకేం మిగుల్తుంది?

ఆ సెక్షన్ భౌగోళిక స్వరూపం, పాలనా సరిహద్దులు, రవాణా, ప్రజల సౌకర్యం చూడమంటుంది. కలిసి బతికే జనాన్ని కలిపే ఉంచాలని సూటిగా చెప్పదు. అమెరికాలో ఈ కొట్లాట కోర్టు దాకా పోయింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో పాలకులు తమ సీట్లు కాపాడుకోడానికి లాటినో జనాన్ని కావాలనే చీల్చారని 1990లో గార్జా కేసులో తేలింది. గీతలు మార్చి గీశారు. 1991లో గ్లోరియా మొలీనా ఆ బోర్డులో అడుగుపెట్టిన తొలి లాటినా అయింది. 2019లో కాలిఫోర్నియా చట్టమే చేసింది: నగరాల్లో గీతలు గీసేటప్పుడు ఒకే బతుకు బతికే జనాన్ని వీలైనంతవరకు విడదీయకూడదని. దూరమెందుకు, తెలంగాణలో 2018 చట్టంతో వందల తండాలు సొంత పంచాయతీలయ్యాయి.

"అందరినీ ఒకే వార్డులో కుక్కితే మిగతా మెంబర్లు మనల్ని పట్టించుకోరు కదప్పా" అంటారు కొందరు. ఆ మాటలో నిజముంది. రెండు వార్డులకు సరిపడా జనముంటే రెండు అడుగుదాం. ఒక్కదానికే సరిపోతే ఆ ఒక్కటీ పోగొట్టుకోవద్దు. మూడు చోట్ల బతిమాలుకునే దానికన్నా ఒకచోట గట్టిగా అడిగే గొంతు మేలు.

మరి చేయాల్సిందేంది? వార్డుల ముసాయిదా ఎప్పుడొస్తుందో పంచాయతీ ఆఫీసులో కనుక్కోండి. ఓటర్ల జాబితా తెచ్చుకొని తండా ఇండ్లన్నీ ఏ వార్డులో ఉన్నాయో గుర్తు పెట్టండి. చదువుకున్న పిల్లలు కూర్చొని చేత్తో మ్యాపు గీయండి. గడువులోపు అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోకుండా వాపసు రావద్దు. నోటి మాటకు ఆఫీసులో విలువ లేదు.

కొత్త జనాభా లెక్కలు 2027లో అని కేంద్రం ప్రకటించింది. ఆ వెనకే నియోజకవర్గాల గీతలూ మారుతాయి. డీలిమిటేషన్ ఆర్డరు గెజిట్‌లోకి ఎక్కితే కోర్టులో ప్రశ్నించకూడదని చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. అంటే అడిగే టైము ముసాయిదా దశలోనే. తండాలో ఈ ముచ్చట ఈ వారమే పెట్టండి. నాయక్‌ను, మహిళా సంఘం అక్కలను కూర్చోబెట్టండి.